అవకాశం అనే వార్త ముందుగా ఎవరి ఇంటికి చేరుతుంది?

2003లో నేను హైదరాబాదులో పరిశోధక విద్యార్థిగా ఉన్నాను. మా విభాగం వరండాలో గాజు తలుపులున్న నోటీసు బోర్డు ఒకటి ఉండేది. దానికి తాళం. తాళం చెవి కార్యాలయ సహాయకుడి దగ్గర, ఏది అంటించాలన్న నిర్ణయం పెద్దల దగ్గర. ఒకరోజు అందులో కొత్త కాగితం కనిపించింది. విదేశీ విద్వత్సంఘం ఒకటి విద్యార్థుల పరిశోధనా పత్రాలకు పోటీ నిర్వహిస్తోందని, గెలిచినవారికి నగదు బహుమతి, సదస్సులో చదివే అవకాశం ఇస్తుందని అందులో రాసి ఉంది. చివరి పంక్తి దాకా చదివితే గడువు ముగిసి పదిహేను రోజులైందని తెలిసింది.

నా సహాధ్యాయి ఒకడు ఆ పోటీకి అప్పటికే పత్రం పంపాడు. అతని తండ్రి మరో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. ఆ కబురు వారింట భోజనాల దగ్గర మాటల మధ్య వచ్చిందట. అతను ఏ తప్పూ చేయలేదు. ఇప్పటికీ నాకు మంచి మిత్రుడే. అతని పత్రానికి బహుమతి రాలేదు. కానీ దాన్ని చదివిన ఒక విదేశీ ఆచార్యుడు ఉత్తరం రాశాడు, రెండేళ్లలో అతను అక్కడికే పరిశోధనకు వెళ్లాడు. మా ఇంట భోజనాల దగ్గర వచ్చే వార్తలు వేరు. మిరప కోతకు కూలి ఎంత పలుకుతోంది, ఏ రైతు బాకీ పెట్టాడు అన్నవే మా అమ్మ తెచ్చే సమాచారం. అవీ విలువైనవే. నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయమంతా వాటి మీదే నిలబడింది. అయితే పురస్కార కమిటీలకు చేరే దారి మాత్రం వాటిలో లేదు.

కులం గురించి రాసేటప్పుడు మనం భూమి, ఉద్యోగం, పెళ్లి, గుడి, శ్మశానం అంటూ లెక్కిస్తాం. సమాచారాన్ని ఆస్తిగా లెక్కించడం అరుదు. విద్యారంగంలో అది భూమి లాంటిదే. తరతరాలుగా కొన్ని ఇళ్ల మధ్యనే చేతులు మారుతుంది, వారసత్వంగా వస్తుంది, దస్తావేజు మాత్రం ఉండదు. అందుకే దాన్ని ప్రతిభ అని పిలవడం సులువు.

ఇప్పుడు నేనే తాళం చెవి ఉన్న వైపు నిలబడ్డాను గనుక, ఒక సంఘం గురించి, దాని పురస్కారాల గురించి ఈ పేజీ చదివే విద్యార్థులకు చెప్పదలచుకున్నాను. అమెరికాలోని 'సొసైటీ ఫర్ ద స్టడీ ఆఫ్ సోషల్ ప్రాబ్లమ్స్' 1951లో పుట్టింది. ఎలిజబెత్ బ్రయంట్ లీ, ఆల్ఫ్రెడ్ మెక్‌క్లంగ్ లీ అనే దంపతులు దాని వ్యవస్థాపకులు. ఆనాటి అమెరికా సమాజశాస్త్రం పెద్ద విశ్వవిద్యాలయాల గుప్పిట్లో ఉందని, సమాజంలోని బాధను అంటీముట్టనట్టు చూస్తోందని వారి అసంతృప్తి. 1953 నుంచి ఆ సంఘం 'సోషల్ ప్రాబ్లమ్స్' అనే పత్రికను నడుపుతోంది. యాదృచ్ఛికమే కావచ్చు గాని, మన దేశంలో జి.ఎస్. ఘుర్యే చొరవతో బొంబాయిలో భారత సమాజశాస్త్ర సంఘం ఏర్పడిందీ అదే 1951లో. ఒకటి వృత్తి పెద్దల మీద అసమ్మతితో పుట్టింది. మరొకటి వృత్తి పెద్దల చేతుల మీదుగానే పుట్టింది. ఈ తేడా గుర్తుపెట్టుకోవలసినది.

ఆ అమెరికా సంఘం ఇచ్చే పురస్కారాల్లో ప్రసిద్ధమైనది సి. రైట్ మిల్స్ పేరిట 1964 నుంచి ఇస్తున్న గ్రంథ పురస్కారం. 'పవర్ ఎలీట్', 'సోషియలాజికల్ ఇమాజినేషన్' రాసిన మిల్స్ 1962లో 45 ఏళ్ల వయసులోనే మరణించాడు. పేదల సహాయ పథకాలు పేదలను ఎలా అదుపులో పెడతాయో చూపిన పివెన్, క్లోవార్డ్‌ల పుస్తకం, శ్రమ విభజన మీద హ్యారీ బ్రేవర్‌మన్ పుస్తకం, నల్లజాతి స్త్రీవాద చింతన మీద ప్యాట్రిషియా హిల్ కాలిన్స్ పుస్తకం ఈ పురస్కారం పొందినవే. బ్రేవర్‌మన్ ఆచార్యుడు కాడు. రాగి పనివాడిగా, ఉక్కు కర్మాగార కార్మికుడిగా బతికి, తరువాత ప్రచురణ రంగంలోకి వచ్చినవాడు. మన పురస్కార జాబితాల్లో అలాంటి జీవితచరిత్ర ఉన్న పేరు ఎన్నిసార్లు కనిపిస్తుందో పాఠకులే చూసుకోవచ్చు.

పేర్ల కన్నా నన్ను ఆకర్షించింది ఆ పురస్కారానికి పెట్టిన కొలమానం. పుస్తకం నేటి ప్రజాప్రాముఖ్యం ఉన్న సమస్యను విమర్శనాత్మకంగా పట్టుకోవాలి. కొత్త చూపు ఉండాలి. శాస్త్ర అవగాహనను ముందుకు నడపాలి. సిద్ధాంతమూ క్షేత్ర ఆధారమూ కలిసి ఉండాలి. రచనా శైలి బాగుండాలి. చివరగా, నేరుగానో అన్యాపదేశంగానో, ఏం చేయాలన్న సూచన అందులో ఉండాలి. ఈ చివరి రెండింటినీ మన పరిశోధనా కమిటీల ముందు పెట్టి చూడండి. మన దగ్గర బాగా రాస్తే 'పత్రికా భాష' అంటారు. ఏం చేయాలో చెబితే 'కరపత్రం' అంటారు. నా సిద్ధాంత గ్రంథం మౌఖిక పరీక్షలో ఒక పెద్దమనిషి సరిగ్గా ఆ మాటే వాడారు. దళిత వాడకు నీటి పైపు ఎందుకు రాలేదో మూడు గ్రామాల ఆధారాలతో చూపించి, పంచాయతీ తీర్మానాల నకళ్లు జత చేసి, చివర నాలుగు వాక్యాల్లో చేయవలసినది రాశాను. ఆ నాలుగు వాక్యాలు తీసేస్తేనే పట్టా అన్నారు. తీసేశాను. ఇరవై ఏళ్లకు దగ్గరపడుతున్నా ఆ పేజీ నాకు వెలితిగానే కనిపిస్తుంది.

అదే అమెరికా సంఘం అల్పసంఖ్యాక జాతుల పరిశోధక విద్యార్థులకు ఇచ్చే వేతనంలో, అభ్యర్థి విద్వత్తును కార్యాచరణతో కలిపే జీవితానికి కట్టుబడి ఉండాలన్నది ఒక అర్హత. మన దగ్గర అభ్యంతరంగా లెక్కించేదాన్ని అక్కడ అర్హతగా అడుగుతున్నారు. 1966లో ఆ సంఘం అధ్యక్షుడిగా హోవర్డ్ బెకర్ చేసిన ప్రసంగానికి 'మనం ఎవరి పక్షం?' అని పేరు. పక్షం లేకుండా ఉండటం సాధ్యం కాదు, ఏ పక్షమో తెలుసుకుని పద్ధతిని కట్టుదిట్టంగా పాటించడమే మార్గం అన్నది స్థూలంగా ఆయన వాదన. ఇది మన విద్యార్థులకు చెప్పవలసిన సంగతి. పక్షం ఉన్నంత మాత్రాన లెక్క తప్పదు. లెక్క తప్పితే పక్షం కూడా గెలవదు.

వార్త చేరవేయడం ఎంత పెద్ద పనో తెలియాలంటే కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్‌ను గుర్తు చేసుకోవాలి. బొంబాయిలో ఉపాధ్యాయుడు. 1907లో మెట్రిక్ పాసైన యువ అంబేద్కర్‌కు తాను రాసిన బుద్ధుని చరిత్రను బహూకరించినవాడు. అంతటితో ఆగకుండా ఆ యువకుడిని బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ దృష్టికి తీసుకువెళ్లాడు. కళాశాల చదువుకు నెలకు 25 రూపాయల వేతనం వచ్చింది. 1913లో అదే సంస్థానం కొలంబియా విశ్వవిద్యాలయానికి మూడేళ్లపాటు నెలకు పదకొండున్నర పౌన్ల చొప్పున ఇచ్చింది. అంబేద్కర్ మేధస్సు గురించి వేల పేజీలు రాశాం. ఆ మేధస్సుకూ ఆ వేతనానికీ మధ్య నడిచిన ఆ ఉపాధ్యాయుడి గురించి రాసినవి తక్కువ. 1916 మే 9న కొలంబియాలో గోల్డెన్‌వైజర్ నిర్వహించిన మానవశాస్త్ర గోష్ఠిలో అంబేద్కర్ చదివిన పత్రం భారతదేశంలో కులాల పుట్టుక, వ్యాప్తి గురించినది. కుల అధ్యయనానికి పునాది రాళ్లలో ఒకటి ఒక విద్యార్థి చదివిన గోష్ఠి పత్రమని మన పరిశోధక విద్యార్థులు మరచిపోకూడదు.

ఇక్కడి నుంచి 2022 ఫిబ్రవరికి వద్దాం. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ జాతీయ విదేశీ విద్యా వేతనం నిబంధనలను సవరించింది. 1950ల నుంచి నడుస్తున్న ఈ పథకంలో ఏటా 125 స్థానాలు. అందులో 115 షెడ్యూల్డు కులాలకు, 6 విముక్త, సంచార జాతులకు, 4 భూమిలేని వ్యవసాయ కూలీలకూ సాంప్రదాయిక చేతివృత్తులవారికీ. సవరించిన నిబంధనల ప్రకారం భారత సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశానికి సంబంధించిన సామాజిక అధ్యయనాలు అంశంగా తీసుకునేవారికి ఈ వేతనం వర్తించదు. దేశ విషయాలను చదవడానికి దేశంలోనే వనరులున్నాయన్నది అధికారుల సమర్థన. అంటే ఒక దళిత విద్యార్థి ఈ సొమ్ముతో విదేశంలో కృత్రిమ మేధ చదవవచ్చు, సముద్రశాస్త్రం చదవవచ్చు, ఫ్రాన్స్ చరిత్ర కూడా చదవవచ్చు. తన వాడ చరిత్ర మాత్రం చదవకూడదు. 1916 మే నాటి ఆ గోష్ఠి పత్రం అంశమే నేడు దరఖాస్తులో రాస్తే అనర్హం.

వనరుల వాదనను నేను తేలికగా కొట్టివేయను. గ్రామం ఇక్కడే ఉంది, రికార్డులు ఇక్కడే ఉన్నాయి, మనుషులు ఇక్కడే ఉన్నారు. కానీ పరిశోధనకు కావలసింది గ్రామం ఒక్కటే కాదు. గ్రామానికి దూరంగా, గ్రామ పెద్దల బంధువు కాని మార్గదర్శకుడి ముందు కూర్చుని రాసుకునే స్వేచ్ఛ కూడా కావాలి. కట్టుబాట్లు లేని చోటనే కొన్ని ప్రశ్నలు వాక్యాలుగా మారతాయి. పైగా ఆధిపత్య కులాల పిల్లలు సొంత డబ్బుతోనో, విదేశీ విశ్వవిద్యాలయాల నిధులతోనో వెళ్లి భారత సమాజాన్నే చదువుతూనే ఉన్నారు. వారిని ఏ నిబంధనా ఆపలేదు, ఆపకూడదు కూడా. దాని ఫలితంగా ప్రపంచ వేదికల మీద కులం గురించి మాట్లాడే అధికారం కులం వల్ల నష్టపోనివారి దగ్గరే ఎక్కువగా మిగులుతుంది. మిల్స్ పేరిట ఉన్నలాంటి పురస్కారానికి కులం మీద ఒక గొప్ప పుస్తకం రావాలంటే, ఆ పుస్తకం మొదలయ్యే చోటనే గేటు వేశాం.

గేటు దాటినవారి సంగతి కూడా చెప్పాలి. 2025 జులైలో ఈ పథకం కింద 106 మందిని ఎంపిక చేసి, మొదట 40 మందికే తాత్కాలిక మంజూరు పత్రాలు ఇచ్చారు. మిగిలిన 66 మందికి నిధులుంటే ఇస్తామన్నారు. విదేశీ విశ్వవిద్యాలయం ప్రవేశపత్రానికి గడువు ఉంటుంది, వీసాకు గడువు ఉంటుంది. నిధుల లభ్యతకు మాత్రం గడువు ఉండదు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల తన చివరి లేఖలో, తనకు ఏడు నెలలుగా రావలసి ఉన్న ఫెలోషిప్ సొమ్మును కుటుంబానికి అందేలా చూడమని కోరిన విషయం ఈ రాష్ట్రాల విద్యార్థులెవరూ మరవలేదు. వేతనం ఆలస్యం కావడాన్ని కార్యాలయ జాప్యంగా చూడటం మన అలవాటు. మెస్ బిల్లు కట్టవలసినవాడికి అది వేరుగా అర్థమవుతుంది.

రాష్ట్రాలు ఏమీ చేయలేదని అనను. తెలంగాణలో అంబేద్కర్ విదేశీ విద్యానిధి కింద 20 లక్షల రూపాయల దాకా సాయం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో తెచ్చిన పథకం సాయాన్ని విశ్వవిద్యాలయాల ప్రపంచ ర్యాంకుకు ముడిపెట్టింది. ఇవి చాలా ఇళ్లలో మొదటి విమాన ప్రయాణానికి కారణమయ్యాయి. కానీ నా దగ్గర సలహాకు వచ్చేవారిలో పదిమందికి తొమ్మిదిమంది కంప్యూటర్ కోర్సులే అడుగుతారు. వారిని తప్పుపట్టలేం, అప్పు తీర్చవలసినవాడు సమాజశాస్త్రం ఎంచుకోలేడు. సమాజ సమస్యల అధ్యయనం తీరిక ఉన్నవారి వ్యాసంగంగా మిగిలిపోవడానికి ఇదీ ఒక కారణం.

ఆ అమెరికా సంఘాన్ని నేను ఆకాశానికెత్తడం లేదు. దానికి ఒక గుడ్డి చోటు ఉంది. అక్కడి వేతనాలు జాతి వర్గీకరణ మీద నడుస్తాయి. 'ఆసియా' అన్న గడిలో వందల ఎకరాల ఆసామి మనవడూ, ఆ ఆసామి పాలేరు మనవరాలూ ఒకటే. పైగా ఆ వేతనం అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకు ఉద్దేశించినది గనుక, ఇక్కడి నుంచి విద్యార్థి వీసా మీద వెళ్లిన తొలితరం దళిత పరిశోధకురాలికి దక్కదు. అక్కడే పుట్టి పెరిగిన సంపన్న తెలుగు కుటుంబం బిడ్డకు దక్కవచ్చు. తెలుగువారి అమెరికాలో కులం సముద్రం దాటలేదని ఎవరైనా అంటే ఇప్పుడు నమ్మేవారు లేరు. బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లో, కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయ వ్యవస్థ 2022లో తమ వివక్ష నిరోధక విధానాల్లో కులాన్ని చేర్చాయి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర మండలి చట్టమే చేసింది. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నర్ తిరస్కరించారు. పోరాటం ఎక్కడ నిలిచిందో దీన్నిబట్టి తెలుస్తుంది. సామాజిక సమస్యలనే అధ్యయనాంశంగా పెట్టుకున్న సంఘాలు తమ పురస్కారాల దరఖాస్తుల్లో కులం గురించి ఒక ప్రశ్న అడగడం ఈ పోరాటంలో చిన్న అడుగే, కానీ వారి చేతిలో ఉన్న అడుగు. 1946లో అంబేద్కర్ డబ్ల్యు.ఇ.బి. డూబాయిస్‌కు ఉత్తరం రాసి, నల్లజాతివారు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న విన్నపం ప్రతులు అడిగారు. డూబాయిస్ సానుభూతితో జవాబిచ్చారు. ఆ ఉత్తరం అక్కడి సమాజశాస్త్రంలో ఇంకా కొనసాగవలసి ఉంది.

ఇక విద్యార్థులకు పనికొచ్చే సంగతులు. ఆ సంఘంలో పేదరికం-వర్గం, జాతి మైనారిటీలు, శ్రమ, చట్టం-సమాజం వంటి అనేక విభాగాలున్నాయి. చాలా విభాగాలు ఏటా విద్యార్థి పత్రాల పోటీ పెడతాయి. గెలిచినవారికి కొద్దిపాటి నగదు, సభ్యత్వం, ఆగస్టులో జరిగే వార్షిక సదస్సులో గుర్తింపు. సభ్యత్వ రుసుము ఆదాయాన్ని బట్టి ఉంటుంది, విద్యార్థులకు తక్కువ. కార్మిక, లింగ, జాతి పోరాటాల్లో ఉన్న ఇతర దేశాల విద్వాంసులను సదస్సుకు రప్పించడానికి లీ దంపతుల పేరిట ఒక నిధి ఉంది. విద్యార్థుల ప్రయాణానికి మరో నిధి ఉంది. ఎక్కువ గడువులు డిసెంబరు, ఫిబ్రవరి మధ్య పడతాయి, అంటే మన దగ్గర సెమిస్టరు పరీక్షలు, సంక్రాంతి సెలవులు కలిసే రోజుల్లో. అక్టోబరులో పత్రం చేతిలో లేనివారు జనవరిలో పంపలేరు. సదస్సు జరిగే నగరంలో అణగారినవారి కోసం పనిచేసే స్థానిక సంస్థకు థామస్ హుడ్ పేరిట ఇచ్చే పురస్కారం కూడా ఉంది. విద్వాంసులు ఒక ఊరికి వెళ్లి, హోటల్లో మాట్లాడుకుని తిరిగి వచ్చేయకుండా, ఆ ఊరి పోరాటానికి ఏదో ఒకటి ఇచ్చి రావాలన్న ఈ ఆలోచనను మన సమాజశాస్త్ర సదస్సులు అరువు తెచ్చుకుంటే నష్టమేమీ లేదు. శాలువాల ఖర్చు మిగులుతుంది కూడా.

మా విభాగంలో గత రెండేళ్లుగా ఒక చిన్న పని చేస్తున్నాం. ఇలాంటి ప్రకటన ఏది వచ్చినా వచ్చిన రోజే తెలుగులో సారాంశం రాసి, హాస్టల్ మెస్ తలుపు మీద అంటిస్తున్నాం. విభాగం బోర్డు మీద కాదు, మెస్ తలుపు మీద. గడువు తేదీ పెద్ద అక్షరాల్లో. ప్రతి విశ్వవిద్యాలయంలో షెడ్యూల్డు కులాలు, తెగల విభాగం పేరుతో ఒక గది ఉంటుంది, అందులో ఒక అధికారి ఉంటారు. ఫిర్యాదులు తీసుకోవడంతో పాటు అవకాశాలు అందించడం కూడా వారి విధిగా ఉన్నత విద్యామండళ్లు రాతపూర్వకంగా నిర్దేశించాలి. ఏ ప్రకటన ఏ తేదీన వచ్చింది, ఏ తేదీన విద్యార్థులకు తెలిసింది అన్న రిజిస్టరు ఒకటి ఉంటే చాలు, నా 2003 నాటి పదిహేను రోజులు ఎక్కడ పోయాయో బయటపడుతుంది. 2022 నాటి ఆ నిబంధనను తొలగించాలని మన రెండు రాష్ట్రాల ఎంపీలు పార్లమెంటులో అడగాలి. విద్యార్థి సంఘాలు తమ కోరికల పత్రంలో మెస్ ఛార్జీల పక్కన దీన్ని కూడా రాయాలి.

మొన్న నా దగ్గరికి ఒక పరిశోధక విద్యార్థిని వచ్చింది. పురపాలక సంఘాల్లో కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికులుగా పనిచేసే మాదిగ స్త్రీల భవిష్యనిధి కోతల మీద ఆమె పని. కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ వారి సర్వీసు మళ్లీ ఒకటో రోజు నుంచి ఎలా మొదలవుతుందో జీతం చీటీలు కలిపి చూపించింది. మెస్ తలుపు మీది కాగితం చూసి వచ్చింది. పోటీకి ఎవరికి వారే పత్రం ప్రతిపాదించుకోవచ్చని అందులో ఉంది, అదే ఆమె సందేహం.

"మన గురించి మనమే చెప్పుకుంటే బాగుండదేమో సార్. మీరో, ఇంకెవరైనా పెద్దవాళ్లో రాస్తే..."

"రూలు నిన్నే రాయమంటోందమ్మా," అన్నాను. "పెద్దవాళ్ల కోసం ఆగితే ఏమవుతుందో నాకు తెలుసు."

ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత సంచిలోంచి కాగితాలు తీసి బల్ల మీద పరిచింది. మూడో పట్టికలో కూడికలు సరిచూడాలి, ఇద్దరు కార్మికుల పేర్లు మార్చాలి, ముగింపులో చేయవలసినది ఏమిటో చెప్పే నాలుగు వాక్యాలున్నాయి. వాటిని ఉంచమన్నాను. గడువుకు ఇంకా పంతొమ్మిది రోజులుంది.